నీళ్ల మీద వచ్చిన గది

బుడమేరు వాగు పొంగిన ఏడాది మా ఇంట్లోకి నీళ్లు కిటికీల పైఅంచు దాకా వచ్చాయి. తగ్గాక బురద ఎత్తిపోసుకున్నాం, గోడలకు మళ్లీ రంగు వేయించుకున్నాం. అయినా ఆ తర్వాత ఎప్పుడు గట్టి వాన పడ్డా మావారికి నిద్ర పట్టేది కాదు. డాబా మీద ఒక గది వేయిద్దాం, మళ్లీ అలాంటిది వస్తే ఎక్కి కూర్చోవచ్చు అన్నారు. ఇంజనీరు వచ్చి చూశాడు. పాత శ్లాబు ఇటుక గోడల బరువు మోయలేదన్నాడు.

"శాండ్‌విచ్ ప్యానెల్స్ పెట్టించుకోండి సార్. అటూ ఇటూ రంగు రేకు, మధ్యలో ఫోమ్. ఇద్దరు మనుషులు ఒక్కో పలక మోసుకొచ్చేస్తారు, అంత తేలిక. ఎండ వేడి కూడా లోపలికి రాదు," అని చెప్పాడు.

మావారు తలూపుతున్నారు. నేను వంటింట్లోకి వెళ్లి, అక్కర లేకపోయినా పంపు తిప్పి చేతులు కడుక్కున్నాను. అలాంటి గోడలున్న గదిని నేను ఒకసారి చాలా దగ్గరగా చూశాను.

అది వరద నాటి మాట. నేను బడిలో తెలుగు చెబుతాను, ఆయన మైలవరంలో బ్యాంకు ఉద్యోగి. పిల్లలు హాస్టళ్లలో ఉన్నారు. ఇద్దరమే డాబా మీద, మెట్ల గదిలో తలదాచుకున్నాం. ఆ మధ్యాహ్నం వాన వెలిసింది గానీ మబ్బు కమ్మే ఉంది. వీధిలో చప్పుడన్నదే లేదు. బళ్లు లేవు, మిక్సీలు లేవు, కుక్కలు కూడా అరవడం మానేశాయి. పిట్టగోడ మీద తడిబట్టలు పరుస్తూ తలెత్తితే, వీధి చివరి నుంచి ఒక తెల్లటి గది మా వైపు వస్తోంది.

ఏదో అపార్టుమెంటు గేటు దగ్గర వాచ్‌మన్ కోసం పెట్టే క్యాబిన్ అది. తలుపు, కిటికీ, పైన చిన్న చూరు, అన్నీ ఉన్నాయి. తనంతట తాను మెల్లగా తిరుగుతూ, ఒకసారి తలుపు, ఒకసారి కిటికీ మాకు చూపిస్తూ వచ్చింది. మా గేటు స్తంభానికీ కరెంటు స్తంభానికీ మధ్య ఇరుక్కుని ఆగింది. తలుపుకు బయట తాళం వేలాడుతోంది. కిటికీ అద్దానికి నల్ల ఫిల్మ్ అంటించి ఉంది. లోపల ఏముందో కనపడలేదు.

"చూశావా, అంత గదీ అట్టపెట్టెలాగా కొట్టుకొచ్చింది," అన్నారాయన.

అప్పుడే లోపలి నుంచి ఎవరో గోడ కొట్టారు. రెండుసార్లు, కాసేపాగి ఇంకోసారి.

"ఎవరండీ లోపల?" అని పిలిచాను.

చప్పుడు ఆగిపోయింది. నేను ఊరుకోగానే మళ్లీ మొదలైంది. మళ్లీ పిలిచాను, మళ్లీ ఆగింది.

"వింటున్నారండీ. మనం మాట్లాడుతుంటే ఆపుతున్నారు," అన్నాను.

ఆయన బట్టలారేసే వెదురు కర్ర తీసుకుని, పిట్టగోడ మీద నుంచి వంగి ఆ గోడను తట్టారు. సరిగ్గా ఆ తట్టిన చోటే లోపలి నుంచి తట్టు వచ్చింది. ఆయన కర్ర వెనక్కి లాక్కుని, చేయి లుంగీకి తుడుచుకున్నారు. కర్రకేమీ అంటలేదు.

నాకు ఇంకేం చేయాలో తోచలేదు. కళ్లు మూసుకుని పైకే ప్రార్థన చేశాను. లోపలున్న వాళ్లెవరో వాళ్ల కోసం చేశాను. చేసినంతసేపూ నిశ్శబ్దం. ఆమెన్ అన్నాక, ఒక్కసారి, చాలా మెల్లగా కొట్టినట్టయింది.

కొంతసేపటికి సహాయక పడవ వచ్చింది. నిండా జనం, మధ్యలో సెలైన్ సీసా ఎత్తిపట్టుకున్న ఒకామె. మేం కేకలేసి క్యాబిన్ చూపించాం. పడవ నడిపే ఆయన దాని పక్కకు చేర్చి, గోడకు చెవి ఆనించి, అరిచాడు. లోపలి నుంచి ఏమీ రాలేదు.

"ఖాళీ టిన్ను ఏదో తేలతా గోడకి కొట్టుకుంటందమ్మా. మనిషైతే అరవడా? సరేలే, వీళ్లని దింపేసి గడ్డపార పట్టుకొస్తాం," అన్నాడు.

పడవ వెళ్లాక నీళ్లలో ఏదో కదలిక వచ్చింది. క్యాబిన్ స్తంభాన్ని రాసుకుంటూ కిర్రుమని ఒరిగి, విడిపోయి, నల్లటి కిటికీ మా వైపు తిప్పుకుని, వీధి మలుపు దాకా అలా మమ్మల్నే చూస్తున్నట్టు వెనక్కి వెనక్కి పోయింది. గడ్డపారతో వచ్చినవాళ్లు అటు వైపు వెళ్లి వెతికారు. దొరకలేదని చెప్పి వెళ్లిపోయారు.

నీళ్లు తగ్గాక దాని సంగతి కనుక్కుందామన్నాను. "మనిషే ఉండుంటే పేపర్లో రాకపోయేదా? వదిలెయ్," అన్నారు మావారు. అప్పుడు ఎవరి బురద వాళ్లకే సరిపోయింది. నేనూ ఆ మాటతో సర్దుకున్నాను.

ఇంజనీరు చెప్పిన పలకలు చూడటానికి ఆటోనగర్ వెళ్లింది ఒక ఆదివారం, చర్చి అయ్యాక. లారీ బాడీలు కట్టే షెడ్ల వెనక దుకాణం. యజమాని మర్యాదస్తుడు, ముక్కలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఒకటి పఫ్ అట, లోపల పసుపు పచ్చటి గట్టి నురగ. ఇంకొకటి రాక్‌వూల్, లోపల బూడిదరంగు పీచు.

"వేడి ఆపడంలో పఫ్‌ను మించింది లేదండీ, తేలిక కూడా. కాకపోతే నిప్పుకి జాగ్రత్తగా ఉండాలి. రాక్‌వూల్ నిప్పుకి తట్టుకుంటుంది, శబ్దం మింగేస్తుంది. తడి మాత్రం లోపలికి దిగకూడదు, అంచులు బాగా మూయాలి. రండి సార్, లోపలికెళ్లి చూడండి, మీకే తెలుస్తుంది."

దుకాణం వెనక రాక్‌వూల్‌తో కట్టిన నమూనా గది ఉంది. మావారు లోపలికి వెళ్లారు. యజమాని తలుపు నొక్కి మూశాడు. తలుపులో చిన్న అద్దం ఉంది, అందులోంచి ఆయన నాకు కనపడుతున్నారు. నవ్వుతూ ఏదో అంటున్నారు. పెదవులు కదులుతున్నాయి, మాట రావడం లేదు. నోరు పెద్దగా తెరిచి అరిచారు. అయినా ఏమీ వినపడలేదు. తర్వాత సరదాకి గోడ మీద కొట్టారు. ఆ చప్పుడు మాత్రం బయటికి వచ్చింది, మెత్తగా, మొద్దుగా.

నేను తలుపు లాగేశాను.

"ఏమైంది?" అన్నారాయన, నా ముఖం చూసి.

"అరిచినా వినపడదండీ. ఆ రోజు లోపల మనిషి అరిచినా మనకు వినపడేది కాదేమో."

ఆయన నవ్వు పోయింది. యజమానికి జరిగింది చెప్పాను. "వాచ్‌మన్ క్యాబిన్లకి ఎక్కువగా పఫ్ వేస్తారు మేడమ్. పఫ్ అయితే కేక వినపడుతుంది. రాక్‌వూల్ అయితే మాత్రం నేను చెప్పలేను," అన్నాడు.

అక్కడి నుంచి తిన్నగా ఇంటికి పోలేకపోయాం. క్యాబిన్ వచ్చిన వైపున్న వీధుల్లో అడుగుతూ వెళ్లాం. ఒక ఇస్త్రీ బండి ఆయన, ఫలానా అపార్టుమెంటు వాళ్లది కొట్టుకుపోతే రైలు కట్ట దగ్గర దొరికిందని, క్రేన్‌తో ఎత్తించి తెచ్చుకున్నారని చెప్పాడు.

గేటు పక్కన అదే ఉంది. కరెంటు స్తంభం రాసుకున్న గీత నేను గుర్తుపట్టాను. తలుపు తీసి ఉంది, లోపల కుర్చీలో ఒక పెద్దాయన ఉల్లిపాయలు ఒలుస్తున్నాడు. వాచ్‌మన్.

"వరదలో మీరెక్కడున్నారు?" అని అడిగాను.

"మా ఊళ్లోనమ్మా, మైలవరం పక్క. ముందు రోజే తాళం పెట్టి పోయా."

"లోపల ఎవరైనా ఉన్నారా?"

"ఎవరుంటారమ్మా, తాళం చెవి నా మొలతాడుకే ఉంది. దొరికినాక నేనే వచ్చి తీశా. మంచం, నా చొక్కాలు, బురద. అంతే."

నాకు ఊపిరి ఆడింది. చప్పుడు సంగతి కూడా అడిగాను. ఆయన తేలిగ్గా నవ్వాడు.

"అదా. ఎండకి రేకు సాగుద్దమ్మా, టక్ టక్ మంటది. కొత్తలో నేనూ ఎవరా అని లేచి తలుపు తీసేవోణ్ణి. ఆ రోజు ఎండ గాని కాసిందా?"

"కాసిందిలే," అన్నారు మావారు, నేను నోరు తెరిచేలోపు.

కాయలేదు. ఆ రోజంతా సూర్యుడే కనపడలేదు. ఆయనకీ తెలుసు. ఆ మాట మేమిద్దరం దారిలో ఎత్తలేదు, ఇంటికి వచ్చాకా ఎత్తలేదు. బయలుదేరే ముందు నేను క్యాబిన్ మూల చిరిగిన చోట వేలు పెట్టి చూశాను. పసుపు పచ్చటి నురగ. పఫ్. మనిషే ఉండి అరిచి ఉంటే వినపడేది. అది నాకు ధైర్యమో, మరో రకం భయమో ఇప్పటికీ చెప్పలేను.

మరుసటి వారం మళ్లీ ఆటోనగర్ వెళ్లాం. మావారు రాక్‌వూల్ వైపే మొగ్గారు. వీధిలో హారన్ల గోల ఉండదు, నిప్పు భయమూ ఉండదన్నారు. నేను పఫ్ కావాలన్నాను.

"అందరూ చప్పుడు రాకూడదనే అడుగుతారు మేడమ్," అన్నాడు యజమాని.

"నాకు రావాలండీ. లోపలి మాట బయటికి, బయటి మాట లోపలికి. పొయ్యి పైన పెట్టను. కిటికీలు రెండు వైపులా పెద్దవి పెట్టండి, అద్దం మామూలుది. తలుపుకి బయట గొళ్లెం వద్దు."

"బయట తాళం వేసుకోవాలంటే మరి?"

"వేయం," అన్నారు మావారు. అంతకు మించి ఆయన వాదించలేదు.

గది లేచింది. పలకల్ని శ్లాబుకు బోల్టులతో బిగించారు. ఎండాకాలంలో చల్లగా ఉంటుంది. నిరుడు వానలకు బుడమేరు మళ్లీ నిండిందని చెప్పుకున్నారు. బియ్యం, సర్టిఫికెట్లు, పరుపులు అన్నీ పైకి చేర్చి రెండు రోజులు కూర్చున్నాం. వీధిలో పాదాలు తడిసేంత నీరు వచ్చి, తగ్గిపోయింది. ఇప్పుడు సెలవురోజు మధ్యాహ్నాలు నేను అక్కడే పేపర్లు దిద్దుకుంటాను. ఏసీ వేసినా తలుపు ఓరగా తీసే ఉంచుతాను. చల్లదనమంతా బయటికి పోతోందని మావారు గొణుగుతారు గానీ, లేచి వెళ్లి మూయరు.