కంచెకు కుమిస్ పోసిన కనిషాయ్

సోన్‌కుల్ సరస్సు గట్టున ఏ గుడారంలో అడిగినా చెబుతారు, కనిషాయ్ పది వేల వోల్టుల కరెంటు గటగటా తాగేసి, మూతి తుడుచుకుని, మళ్ళీ గుర్రం పాలు పితకడానికి కూర్చుందని. అప్పట్నుంచి ఆమె పితికే పాలు పొగలు కక్కుతున్నాయని కూడా అంటారు గానీ, అది కాస్త ఎక్కువ.

నిరుడు తోడేలు ఆమె గుర్రప్పిల్లలు రెంటినీ ఎత్తుకుపోయింది. ఈ ఏడు పుట్టింది ఒక్కటే, నుదుట తెల్లచుక్క ఉన్నది. అదీ పోతే తల్లి పాలు చేపదు. పాలు లేకపోతే వాటిని పులియబెట్టి చేసుకునే కుమిస్ లేదు, వేసవంతా కొండమీద ఉండి చేసేదీ లేదు. అందుకే మరిది దౌలత్ వెంటపడి పట్నం నుంచి కరెంటు కంచె తెప్పించింది.

దౌలత్ తీగ బిగించి, మీటరు పెట్టి చూశాడు. మొహం వాడిపోయింది.

"మూడు పాయింట్ ఎనిమిది. మన టార్చిలైటుకే మూడు వోల్టులుంటాయి వదినా. దీన్ని చూసి తోడేలు నవ్విపోతుంది. రేపే తిరిగిచ్చేసి వస్తా."

ఇచ్చేద్దువులే, ముందు కుమిస్ పొయ్యనివ్వమంది కనిషాయ్. కొత్త పలుపైనా, కొత్త కట్టుకొయ్యైనా కుమిస్ పోయకుండా వాడిన ఇల్లు కాదు ఆమెది. కంచె ఏం పాపం చేసింది? తడిగడ్డిలో నిలబడి, ఇనప గరిటె నిండా ముంచి, పిల్లను కాపాడమని నాలుగు మాటలు చెప్పి, తీగ మీద ధారగా పోసింది.

గరిటె గుడారం మీదుగా ఎగిరి సరస్సులో పడిందంటారు. పడింది కుక్క పక్కన. కనిషాయ్ గడ్డిలో చతికిలబడి, మోచెయ్యి రుద్దుకుంటూ మరిది కేసి చూసింది.

"నీ టార్చిలైటు ఇట్లాగే తంతుందా?"

దౌలత్ మీటరును ముక్కు దాకా తెచ్చుకున్నాడు. అంకె పక్కన చీమతలంత అక్షరాల్లో కిలోవోల్టులని ఉంది. కిలో మాంసమంటే వెయ్యి గ్రాములైనట్టే ఇదీనని, అంటే మూడు వేల ఎనిమిది వందల వోల్టులని తల గోక్కుంటూ చెప్పాడు. దెబ్బ కొడుతుందే గాని ప్రాణం తియ్యదని కంచె అమ్మిన కొట్టువాడు అన్న మాట కూడా అప్పుడే గుర్తొచ్చింది.

"మరి తిరిగిచ్చేస్తావా?"

"నోరు మూసుకుంటా వదినా."

కొన్నాళ్ళకు పొద్దున్నే బురదలో తోడేలు అడుగులు కనిపించాయి. తీగ దాకా తిన్నగా, నింపాదిగా వచ్చాయి. అక్కణ్ణుంచి కొండ కేసి, ఒక్కో అంగ బారెడు. గుర్రప్పిల్ల తల్లి పొదుగు కింద తోక ఆడిస్తూ ఉంది.

ఆ తోడేలు ఇప్పటికీ కుమిస్ వాసన తగిలితే వణుకుతుందని దౌలత్ గుడారం గుడారానా చెప్పుకుంటాడు. పది వేల కథ పుట్టించింది కూడా ఆ మహానుభావుడే. మొన్న ఇంటి నిండా చుట్టాలుండగా మళ్ళీ అందుకున్నాడు. కనిషాయ్ అతని గిన్నె నింపుతూ, తలెత్తకుండానే అంది:

"మూడు వేల ఎనిమిది వందలు. నేనేం తాగలేదు. గరిటె జారింది."