ఆ రోజే తెలిసిన సంగతి

వీధిలో అందరూ ఆయన్ని తాళాలాయన అనేవారు. ఇరవై ఆరేళ్లుగా బస్టాండు ఎదుటి ఇరుకు కొట్లో తాళంచెవులు అరగదీస్తూ బతికాడు. తాళం లోపల ఏం విరిగిందో ఆయన కంటితో చూడనక్కర్లేదు, వేళ్లకే తెలిసిపోయేది. ఆ ధీమాతోనే ఇంట్లో ఏ వస్తువునూ పరాయివాళ్ల చేత విప్పనిచ్చేవాడు కాదు.

ఆ వానాకాలం ఆయన మోటార్‌సైకిల్ ఇంజిన్ కింద నూనె మరక కనిపించింది. మొదట చొక్కా గుండీ అంత, వారం తిరిగేసరికి అరచెయ్యంత. బండి కింద అట్టముక్క పరిచి, పొద్దున్నే భార్య లేవకముందే దాన్ని మార్చేసేవాడు.

ఆమె తమ్ముడు మెకానిక్. ఒకరోజు ఇంటికొచ్చి బండి కిందికి వంగి చూశాడు.

“బావా, ఆయిల్ బోల్టు దగ్గర కారుతోంది. వాషర్ పోయినట్టుంది. నువ్వు మాత్రం బిగించకు, బోల్టును పట్టుకునే మరలు పోతాయి. బండి నాకిచ్చెయ్, సాయంత్రానికి తెచ్చిస్తా.”

“నాకు బోల్టు బిగించడం నేర్పుతావా? ముందు కాఫీ తాగు.”

అతను వెళ్లగానే తాళాలాయన నేలమీద పడుకుని పానా పట్టాడు. కొంచెం బిగించాడు. చుక్క ఆగలేదు. ఇంకొంచెం బిగించాడు. ఉన్నట్టుండి పానా చేతిలో తేలికైపోయింది. మరలు తెగాయని వేళ్లు చెప్పాయి.

“అయిందా?” లోపలినుంచి భార్య అడిగింది.

“ఆఁ, అయిపోయింది.”

బోల్టుకు టేపు చుట్టి, దాని చుట్టూ జిగురు దట్టంగా పట్టించాడు. మర్నాడు అట్ట పొడిగా ఉంది. భార్యను పిలిచి మరీ చూపించాడు.

“చూశావా? మీ తమ్ముడైతే ఇంజిన్ మొత్తం విప్పి పోగుపెట్టేవాడు!”

ఆమె నవ్వి వెనక కూర్చుంది. రోజూ ఆమెను బట్టలు కుట్టే కార్ఖానా దగ్గర దింపి, తను కొట్టుకు వెళ్లేవాడు.

నాలుగు రోజులు అట్ట పొడిగానే ఉంది. కానీ కొట్లో తాళం చేతిలోకి తీసుకున్నప్పుడల్లా ఆ తేలికదనం గుర్తొచ్చేది. ఆదివారం బండి బావమరిదికి ఇచ్చేద్దామనుకున్నాడు. ఆ మాట పైకి అనడానికి నోరు రాలేదు.

ఐదో రోజు వంతెన దిగుతుంటే, “ఏదో మాడు వాసన వస్తోందండీ,” అంది భార్య.

“ముందున్న లారీదిలే.”

కింద ఏదో టంగున రాలిపడింది. వేడి నూనె వెనక చక్రం మీదికి చిమ్మింది. మలుపు తిరుగుతుండగా బండి పక్కకు జారి కూలింది.

ఆయనకు మోచెయ్యి గీరుకుపోయింది. ఆమెకు తుంటి విరిగింది.

ఆసుపత్రిలో ఆమె గది బయట బెంచీ మీద బావమరిది వచ్చి ఆయన పక్కన కూర్చున్నాడు. తిట్టలేదు. ఒక్కటే అడిగాడు. “మరలు పోయాయని నీకు తెలీలేదా, బావా?”

తెలీదంటే నమ్మేవాడే.

“తెలుసురా. బిగించిన రోజే తెలుసు.”

తలుపు తీసే ఉంది. మంచం మీద ఉన్న ఆమె ముఖం గోడవైపు తిప్పుకుంది.

మూడు నెలలకు చేతికర్ర పట్టుకుని ఇంట్లో తిరగడం మొదలుపెట్టింది. ఒక మధ్యాహ్నం వంటింటి గోడలో స్విచ్చి చిటపటలాడింది. ఆయన అలవాటుగా లేచాడు.

“కూర్చోండి,” అంది ఆమె. “ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేశాను.”

ఆయన కూర్చున్నాడు.