మండపం బండ మీది పులిమేక

మ్యూజియంలో పాత రాతిపలక మీద చెక్కిన పులిమేక గీతలు చూడగానే నాకు తడి పసుపు వాసన వచ్చింది.

పంతొమ్మిది వందల డెబ్బైల్లో, చిన్నపిల్లగా, అవ్వతో తిరుమల కొండెక్కుతూ మెట్టుమెట్టుకూ పసుపు కుంకుమ పెడుతూ పోయినాను. దారిలో మండపం బండ మీద ఇలాంటి గీతలే కనిపిస్తే, దేవుడి ముగ్గనుకుని వాటికీ బొట్లు పెట్టి మొక్కినాను.

అవ్వ పకపకా నవ్వింది. "పిచ్చిదానా, అది ఆట! ఎప్పుడో కొండెక్కినోళ్లు అలుపు తీర్చుకుంటా చెక్కినారు. కూసో, పులులు నీవి" అంటూ గులకరాళ్లు ఏరింది.

ఇంట్లో ఒక్క నిమిషమైనా కూర్చోని అవ్వ, ఆ పూట నాతో ఆడింది. నా పులులను కదలకుండా కట్టేసింది.

ఆ గీతలు చెక్కిందెవరో ఎవరికీ తెలియదు. అవ్వను కాసేపు కూర్చోబెట్టి నాకిచ్చింది మాత్రం వాళ్లే. పలక ముందు నిలబడి మళ్లీ మొక్కినాను, ఈసారి తెలిసే.