నాయనమ్మ చుట్ట, అక్క గాలి ఓడ

మా అక్కకు చిన్నప్పటి నుంచీ గాలి ఓడ పిచ్చి. జర్మనీ నుంచి సముద్రం దాటి అమెరికా చేరి, దిగబోతూ అందరి కళ్ళముందే మండిపోయిన, గ్యాసు నింపిన బుడగలాంటి ఆ పెద్ద ఓడ గురించి దొరికిందల్లా చదివేది. ఇప్పుడు సైబర్‌జయ ఊళ్ళోని కాలేజీలో ఫిజిక్స్ పాఠాలు చెబుతోంది, అయినా ఆ పిచ్చి వదల్లేదు. నాకైతే విసుగు. కారణమే తేలని కథ ఎన్నిసార్లని వింటాం?

మా నాయనమ్మ కూడా మంటల్లోనే పోయింది. పరాయి దేశానికి కూలికొచ్చిన మావాళ్ళవి రబ్బరు తోటలో వరస ఇళ్ళు, అందులో మాదొకటి. ఒకనాడు అది అంటుకుంది. నాన్న అప్పుడు పిల్లవాడు, బళ్ళో ఉన్నాడు. ఆమె చుట్ట వల్లేనని తోటంతా అంది, నాన్న అదే నమ్మాడు. ఏటా ఆమె తద్దినం నాడు పట్నంలో బ్రిక్‌ఫీల్డ్స్ పేటలోని మా ఇంట్లో వడలు, పాయసంతో పాటు ఆ మాటా ఉండాల్సిందే: "మాయమ్మ సుట్టతో ఇల్లు కాల్సేసినాది." ఆమె ఫొటో మాత్రం బీరువా దాటి వచ్చేది కాదు.

మొన్నటి తద్దినానికి అక్క ఫోన్‌లో ఆ గాలి ఓడ వీడియో పెట్టి నాన్న చేతికిచ్చింది.

"ఏటమ్మా ఇది! ఎవులు సేసినారీ పని?"

"తెల్దు, నాన్నా. గ్యాసు లీకైనాదంటారు. నిప్పురవ్వ ఎక్కడిదో ఎవులికీ తెల్దు. కొంతమంది ఆ మంటల్లోనే సచ్చిపోయిన పనోడి మీదకి తోసేసినారు. రుజువు లేదు. సచ్చినోడు వచ్చి కాదని సెప్పలేడు గదా."

అక్క మెల్లగా అడిగింది, "నాయనమ్మ సుట్ట ఎలగ కాల్సేది?"

నాన్న చూపుడువేలిని చుట్టలా నోటి దగ్గరికి తెచ్చాడు. "అడ్డపొగే గదా. నిప్పు కొస నోట్లో పెట్టి..." వేలు అక్కడే ఆగిపోయింది.

"సూసినావా నాన్నా, నిప్పు నోట్లో ఉంటే ఇల్లెలగంటుకుంటాది? నాయనమ్మ తప్పు కాదు!" అని అరిచాను.

అక్క నన్ను కసిరింది. "అదీ మనకి తెల్దు. ఎలిగించినప్పుడు రవ్వ పడిందో, పొయ్యి నుంచి లేసిందో. తెలీందాన్ని తెల్దనే అనాల."

గెలిచే మాట నాలుక చివర ఉన్నా అనకుండా ఊరుకోవడం నా వల్లయ్యే పని కాదు. అక్కకు దణ్ణం పెట్టాలనిపించింది. పైకి మాత్రం మూతి ముడుచుకు కూర్చున్నాను.

నాన్న లేచి బీరువా తెరిచాడు. ఫొటో తెచ్చి విస్తరి ముందు పెట్టాడు. మా పిల్లలకు తెలుగు అర్థమవుతుంది గానీ మాట్లాడరు. వాళ్ళను దగ్గరికి పిలిచాడు.

"ఈమె మాయమ్మ. మంటల్లో పోయినాది. ఎలగంటుకున్నాదో తెల్దు," అన్నాడు.

ఆ తర్వాత కండువాతో కళ్ళొత్తుకున్నాడు. తల్లి కోసం మా నాన్న ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి.