కుప్పయ్యన్న ఎడమ చెయ్యి

కుప్పయ్యన్న మా పాలిటెక్నిక్ వర్క్‌షాపులో అటెండరు. సత్యవేడు దగ్గర పల్లె ఆయనది. కుడిచేతికి చూపుడువేలు, మధ్యవేలు ఉండవు. తమిళనాడు బార్డరు అవతల రేకులకు చిల్లులు కొట్టే ఒక షెడ్డులో పదకొండేళ్లు పనిచేసి, వాటిని అక్కడే ప్రెస్సు కింద పోగొట్టుకున్నాడు. కొత్తగా చేరిన పిల్లలు ఆ చేతివంక దొంగచూపులు చూస్తే తానే చెయ్యి చాపి, "బాగా సూడండప్పా, టిక్కెట్టేమీ లేదు" అనేవాడు. నవ్వాలో వద్దో తెలియక వాళ్లు తలలు దించుకునేవాళ్లు.

ఎగ్జిబిషన్‌కు ఏం చేయాలా అని మా కంప్యూటర్ క్లబ్బు తల పట్టుకుని కూర్చున్నప్పుడు దారి చూపింది ఆయనే. పాత సామాన్ల గదిలోంచి ఒక సెన్సర్ తెచ్చి బల్లమీద పెట్టాడు. దాన్ని ప్రెస్సు ముందు బిగిస్తే సన్నటి వెలుతురు గీత పడుతుంది. ఆ గీతకు చెయ్యి అడ్డం రాగానే ప్రెస్సు ఆగిపోవాలి. కానీ దాన్ని చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది, మా కంప్యూటర్‌కు దానితో మాట్లాడటం రాదు. రెండింటినీ కలిపే ప్రోగ్రామును డ్రైవర్ అంటారు. అది రాసే పని నామీద పడింది. నా పేరు అమల. అప్పుడు ఫైనలియర్ చదువుతున్నాను.

రెండు నెలలు పట్టింది. వర్క్‌షాపులో గాలితో నడిచే చిన్న ప్రెస్సు మీద, దోసకాయ పెట్టి పరీక్షించేవాళ్లం. ఒక సాయంత్రం కుప్పయ్యన్న దోసకాయను పక్కనపెట్టి తన ఎడమ చెయ్యి పెట్టాడు. ప్రెస్సు టక్కున ఆగింది. ఆయన చెయ్యి బయటికి లాగేశాను. నోటికొచ్చినట్టు తిట్టాను.

"నీ మింద నమ్మకం పాపా," అన్నాడు. "ఇది షెడ్లకు పోతే నా మాదిరి ఇంకొకడు కాకుండా ఉంటాడు. దోసకాయను సూసి ఏ ఓనరు నమ్ముతాడు? సెయ్యి పెట్టే సూపియ్యల్ల."

ఆ తర్వాత రోజూ పెట్టేవాడు. మాకూ అలవాటైపోయింది.

తిరుపతిలో ఎగ్జిబిషన్ మొదటిరోజే మా పరువు పోయింది. మేం అడ్డంగా కట్టిన తాడు మీదుగా స్కూలు పిల్లలు వంగి ఊరికే వేళ్లు చాపేవాళ్లు. వాళ్ల వేళ్లు గీతదాకానే అందేవి, ప్రెస్సుదాకా పోయేవి కావు. అయినా ప్రతిసారీ ప్రెస్సు ఆగిపోయేది. మళ్లీ నడపాలంటే ఐదు నిమిషాలు. వచ్చినవాళ్లందరికీ ఆగిపోయిన మిషనే కనబడింది. పక్క స్టాలువాళ్లు మమ్మల్ని చూసి బాగానే నవ్వుకున్నారు. రెండోరోజు పదకొండుకు జడ్జీలు వస్తారు. క్లబ్బు లీడరు నవీన్ పొద్దున్నే నా దగ్గరికొచ్చి, "పిల్లోళ్లు ఇట్ల పెట్టి అట్ల తీసేస్తే ఆగకుండా సెయ్యలేమా?" అని అడిగాడు.

చెయ్యగలం. ఒక్క లైను చాలు. వెలుతురు సెకను కంటే తక్కువసేపు తెగితే లెక్కచేయవద్దని రాశాను. ప్రెస్సు దిగడానికి సెకను పట్టదని నాకు తెలుసు. తెలిసే రాశాను. ఇవాళ చెయ్యి పెట్టొద్దని కుప్పయ్యన్నతో చెబితే సరిపోతుందనుకున్నాను. ఆయన బస్సు ఆలస్యమైంది. వచ్చేసరికి జడ్జీలు మా స్టాలు ముందున్నారు.

ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. నవీన్ చేతిలో దోసకాయ చూసి, "అది ఎందుకప్పా? సార్, నా సెయ్యే పెడతా సూడండి" అన్నాడు. ఎడమచేతి గుండీ విప్పి, చొక్కా చేతిని మోచేతిదాకా మడుచుకున్నాడు. కుడిచేతికి ఉన్న మూడు వేళ్లతో మడవాలి కాబట్టి చాలాసేపు పట్టింది. వద్దనడానికి అంత వ్యవధి ఉంది నాకు. డ్రైవర్ మార్చానని జడ్జీల ముందు చెప్పుకోవడానికి సిగ్గేసింది. నవీన్ నావైపు చూశాడు. నేను లాప్‌టాప్ వైపు చూశాను.

ఆసుపత్రిలో ఎడమచేతికి మూడు వేళ్లు తీసేశారు. నాలుగోరోజు చూడటానికి వెళ్లాను. భార్య మునిరత్నమ్మ అన్నం కలిపి ఆయనకు తినిపిస్తోంది. నన్ను చూసి, "తిన్నావా మా?" అని అడిగింది. తిన్నానన్నాను.

"ఒక మాట అడుగుతా పాపా," అన్నాడు కుప్పయ్యన్న. "ఆ పొద్దు డ్రైవర్లో ఏమన్నా మార్చినారా?"

"లేదన్నా."

ఆయన కాసేపు కట్టు కట్టిన చేతినే చూసుకున్నాడు.

"అట్లయితే నేనే యాడో సెయ్యి తప్పు పెట్టుంటా. నీ రెండు నెల్ల కష్టం పాడు సేసినాను. ఏమీ అనుకోవద్దు పాపా."

ఇప్పుడాయన పల్లెలోనే ఉంటున్నాడు. గుండీలు కూడా మునిరత్నమ్మే పెట్టాలి. ఎవరడిగినా, ఆడపిల్ల చేసిన మిషను మంచిదే, తొందర నాదేనని చెబుతున్నాడట. కాదని చెప్పగలిగినవాళ్లం ఇద్దరమే. నవీన్ నా ఫోను ఎత్తడం మానేశాడు. నేను రెండుసార్లు సత్యవేడు బస్సెక్కి, రెండుసార్లూ మధ్యలో దిగిపోయాను.