ఆరు వందల నలభై రూపాయల మందు

డిగ్రీలో చేరడానికి అనంతపురం బయలుదేరిన రోజు మా నాయన తన ఏటీఎం కార్డు తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఖాతా ఆయనది. వేరుశనగ అమ్మిన డబ్బు, అమ్మ పాలు పోసిన డబ్బు, పంట పోయినప్పుడు ప్రభుత్వం వేసే నష్టపరిహారం అన్నీ అందులోనే పడేవి. కార్డు ఆయన ఒక్కసారి కూడా వాడలేదు. బ్యాంకుకు పోయి, కాగితం మీద సంతకం పెట్టి, లెక్కబెట్టి తీసుకుంటేనే అది డబ్బని ఆయన నమ్మకం.

"నీకెంత కావాల్నో అంత తీసుకో. ఎక్కువ తీసుకోవాకు," అన్నాడు.

ఆ రెండు మాటల మధ్య ఎంత చోటు ఉందో అప్పుడు నాకు తెలియదు. పైగా నేను చేరుతున్నది బీకాం. జమాఖర్చులే చదవబోతున్నవాడికి ఖర్చు గురించి ఎవరూ చెప్పక్కర్లేదని నా ధీమా.

తనకల్లు దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఒక క్లాస్‌మేట్‌తో కలిసి గది తీసుకున్నాను. పొదుపులో అతడు నాకంటే చాలా ముందున్నాడు. కాలేజీలో శుద్ధి చేసిన నీళ్లు ఉచితం కాబట్టి రోజూ సంచిలో ఐదు ఖాళీ సీసాలు పెట్టుకుని వెళ్లి నింపుకొచ్చేవాడు. సంచిలో పుస్తకాలకు చోటు ఉండేది కాదు. దానికి అతడు పెద్దగా బాధపడినట్టు కనిపించలేదు.

నేను మాత్రం రెండో వారంలోనే నలుగురిని వెంటేసుకుని, పేరులోనే బిర్యానీ ఉన్న ఒక హోటలుకు వెళ్లాను. బిర్యానీ తిన్నాం. అందరూ ఫోన్‌తో స్కాన్ చేసే చోట కార్డు తీసి ఇస్తుంటే నాకు కాస్త గొప్పగానే అనిపించింది. మరునాడు పొద్దున్నే నాయన ఫోను చేశాడు.

"నిన్న బిర్యానీ ఎట్లుండె రా?"

"నీకెవరు చెప్పినారు నాయనా?"

"బ్యాంకోళ్లు చెప్పినారు. నా ఫోనుకు మెసేజు వచ్చింది. నాకు ఇంగిలీసు రాదు గదా, అంగడాయప్ప చదివి చెప్పినాడు."

కార్డు గీకిన ప్రతిసారీ ఎంత పోయిందో, ఏ దుకాణంలో పోయిందో నాయన ఫోనుకు తెలుస్తుందన్న సంగతి బీకాం విద్యార్థిగా నాకు తట్టలేదు. మా ఊళ్లో చిల్లర అంగడి నడిపే ఆయన ఇంటర్ దాకా చదివినవాడు, మంచి గొంతున్నవాడు. సాయంత్రం అంగడి ముందు బండమీద పదిమంది కూర్చునే వేళకు నాయన ఫోను తీసుకెళ్లి ఇస్తే, ఆయన వార్తలు చదివినట్టు చదివేవాడు. ఆ తర్వాత చర్చ జరిగేది. తొమ్మిది వందలు పెట్టి ప్యాంటు కొన్న రోజు చర్చ పొద్దుపోయేదాకా సాగిందట. సెలవులకు ఊరికి వెళితే, నాకు సరిగా పరిచయం కూడా లేని ఒక అవ్వ నన్ను ఆపి, ప్యాంటు గుడ్డను రెండు వేళ్లతో నలిపి చూసింది.

"తొమ్మిది నూర్లది ఇదేనా? పల్చగుండాది," అని తీర్పు చెప్పి వెళ్లిపోయింది.

దాంతో నేను తెలివి మీరిపోయాను. కార్డు గీకడం మానేసి, ఏటీఎంలో ఒకేసారి రెండు వేలు తీసుకోవడం మొదలుపెట్టాను. అందులో అంకె తెలుస్తుందే తప్ప దేనికో తెలియదు. నాయన అడిగినప్పుడల్లా పుస్తకాలకు అన్నాను. ఒకే నెలలో మూడోసారి పుస్తకాలు కొనేసరికి అంగడాయన, "ఏమప్పా, మీవోడు ఆడ లైబ్రరీ పెడతాండాడా?" అని నాయనను అడిగాడట. ఆ మాట నాయన నవ్వుతూనే చెప్పాడు. నేను నవ్వలేదు.

అంతలో కాలేజీ వార్షికోత్సవం వచ్చింది. చివర్లో వందన సమర్పణ చేసే పని నాకు అప్పగించారు. ఐదు నిమిషాలు వేదిక మీద నిలబడాలి. అద్దంలో చూసుకుంటే ఎండకు మాడిన ముఖం. చేతిలో నగదు లేదు. ముందురోజు సాయంత్రం మందుల దుకాణానికి వెళ్లి తెల్లబడే క్రీము, తలకు రాసుకునే జెల్లు, ఒక సెంటు తీసుకుని కార్డు గీకాను. ఆరు వందల నలభై అయింది. గదికి వచ్చి ప్రసంగం బట్టీపడుతూ, ఫోను చార్జింగ్ అయిపోయి ఆగిపోయిన సంగతి కూడా గమనించకుండా నిద్రపోయాను.

మరునాడు ఎనిమిదిన్నరకు తలుపు తట్టిన చప్పుడైంది. తీస్తే నాయన. ఒక చేతిలో స్టీలు క్యారియరు, మెడలో తువ్వాలు. నా ముఖం నిండా క్రీము దట్టంగా పట్టించి ఉంది. ఆయన గడపలోనే నిలబడిపోయాడు.

"ముఖానికి ఏమైంది రా? ఏం పూసినారు డాక్టర్లు?"

చప్పున నోటికొచ్చింది చెప్పాను. "ఎండదెబ్బ నాయనా."

అప్పుడే లేచి చాప చుడుతున్న నా గది మిత్రుడికి ఈ వ్యవహారమేదీ తెలియదు. "ఎండదెబ్బ కాదు పెద్దాయనా. తెల్లగయ్యే క్రీము. ఈ పొద్దు ఫంక్షను ఉండాది," అన్నాడు.

నాయన వచ్చి మంచం మీద కూర్చున్నాడు. కిటికీలో ఉన్న ట్యూబు తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఆరు నూర్ల నలభై దీనికేనా?"

"దీనికొక్కదానికే కాదు. తలకు కూడా ఉండాది," అని మిత్రుడు జెల్లు డబ్బా కూడా చూపించాడు. ఇతరుల లెక్కల్లో అతడు ఎప్పుడూ నిజాయితీపరుడే.

నాయన నెమ్మదిగా చెప్పాడు. ముందురోజు అంగడాయన మెసేజు చదువుతూ 'మెడికల్స్' అన్నచోట ఆగిపోయాడట. బండమీద ఒకరు డెంగీ అన్నారట, ఒకరు పిల్లలు ఇట్లాంటివి దాచిపెడతారన్నారట. నా ఫోను పలకలేదు.

"మీ అమ్మ నిద్రపోలా. ఈ పొద్దు శెనక్కాయ చేన్లో కలుపుకు కూలోళ్లను పిలిచింటి. వాళ్లను వద్దని చెప్పి మొదటి బస్సుకే వస్తి."

క్రీము తుడుచుకోకుండా అలాగే నిలబడ్డాను. ఆయన తిట్టి ఉంటే ఎదురు చెప్పడానికి రెండు మూడు మాటలు నా దగ్గర సిద్ధంగా ఉన్నాయి. ఆయన తిట్టలేదు.

"జబ్బు లేదు గదా. చాల్లే," అని క్యారియరు విప్పాడు. అన్నం, మిరియాల చారు. "తిను. మీ అమ్మ పంపింది."

ఆ ముఖంతోనే తిన్నాను. నేను తింటుండగా ఆయన ఇంటికి ఫోను చేశాడు. "బాగుండాడు. ముఖానికి ఏందో మందు పూసుకున్నాడు, అంతే. నువ్వు కూడు తిను," అని పెట్టేశాడు.

పదకొండు గంటలకు నన్ను బ్యాంకుకు తీసుకెళ్లి నా పేరుతో ఖాతా తెరిపించాడు. "నెలకింత అని ఏస్తా. ఏం కొంటాండావో నాకు చెప్పాల్సిన పనిలేదు. ఈ మెసేజులు నాకు వద్దురా, నా గుండె తట్టుకోదు," అన్నాడు. కార్డు వెనక్కి తీసుకుని చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాడు.

సాయంత్రం సభలో ఆఖరి వరుసలో కూర్చున్నాడు. నేను ప్రిన్సిపాలుకు, దాతలకు, మైకు పెట్టినవారికి, షామియానా వేసినవారికి పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పాను. నాయనకు చెప్పలేదు. కాగితంలో రాసుకోలేదు, అప్పటికప్పుడు కలిపి చెప్పే ధైర్యం కూడా లేకపోయింది. చప్పట్లు కొట్టి, ఆరున్నర బస్సుకు ఆయన వెళ్లిపోయాడు.

కొత్త ఖాతా వచ్చాక నేనూ ఫోన్‌తో స్కాన్ చేయడం నేర్చాను. టీకి పది, బొరుగుల ఉగ్గానికి ముప్పై, ఆటోకు ఇరవై. ఎవరూ చదవరు, ఎవరూ అడగరు. మొదటి నెల డబ్బు పన్నెండో తేదీకే అయిపోయింది. సిగ్గు విడిచి ఫోను చేశాను.

"అప్పుడేనా?" అన్నాడు నాయన. "పాల దుడ్లు శనివారం వస్తాయి. అందాక ఎట్లనో చేసుకో."

ఆ నాలుగు రోజులూ తనకల్లు మిత్రుడే వండి పెట్టాడు, తాలింపులో నూనె చుక్కలు లెక్కబెట్టి. శనివారం డబ్బు పడింది. ముందు అతడికి ఐదు కిలోల బియ్యం కొనిచ్చాను. మిగతాది దేనికి ఖర్చు పెట్టానో నాయనకు చెప్పలేదు, ఆయనా అడగలేదు.