స్టిక్కు షాహీన్‌కు, తాళంచెవి నాకు

మా చిన్నప్పుడు... ఆళ్లగడ్డలో శనివారం సాయంత్రమైతే చర్చి హాలు తలుపు తెరిచేది నేనే. తాళంచెవి మా ఇంట్లోనే మేకుకు వేలాడేది. మా నాయన హాలు ఊడ్చి, బల్లలు సర్ది, గంట కొట్టేవాడు. అందుకే ఆ హాలు సగం మాదేనని నా లెక్క...

చెప్పులు గుమ్మం బయట వరసగా విడిచి లోపలికి పోయేవాళ్లం. పొడుగాటి బల్లల్ని పక్కకు ఒరగబెట్టి చుట్టూ గోడలా పేర్చేవాళ్లం. మధ్యలో నున్నటి నాపబండలు. అదే మా ఫ్లోర్‌బాల్ కోర్టు! హాలు లోపల ఆడే హాకీ లాంటిది. అలాంటి ఆట ఒకటుందని మా వీధిలో ఎవరికీ తెలీదు. మా డ్రిల్ సారు ఎక్కడికో ట్రైనింగుకు పోయి నేర్చుకొచ్చాడు. వస్తూ వస్తూ ఐదు స్టిక్కులు, ఒళ్లంతా చిల్లులున్న తెల్లటి ప్లాస్టిక్ బంతి తెచ్చాడు. ఆదివారం ఆరాధన వేళకు బల్లలు ఎక్కడివక్కడ ఉండాలనే షరతు మీద పాస్టరు గారు హాలు ఇచ్చారు.

మొదటిరోజే సారు మమ్మల్ని నిలబెట్టి చెప్పేశాడు. "ఇనండమ్మా... జట్టుకు ఆరుమంది. స్టిక్కు నడుం దాటి పైకి ల్యావగూడదు. ఎదుటోళ్ల స్టిక్కును కొట్టగూడదు, మనిషిని నూకగూడదు. కాలితో తన్ని మనోళ్లకు బంతి ఇయ్యగూడదు. పెద్ద తప్పు జేస్తే రెండు నిమిషాలు బయట కూచోవాల, అంతసేపూ మీ జట్టుకు ఒకరు తక్కువ."

"సార్, స్టిక్కులు ఐదే ఉండాయి కదా?" అన్నాను.

"గోలీకి, అంటే గోలు కాసేదానికి, స్టిక్కు ఉండదుమ్మా. మోకాళ్ల మీద కూచొని చేతుల్తో, ఒంటితో ఆపాల. బంతి విసిరితే నడిమి గీత దాటకముందే నేలకు తగలాల." నన్ను కిందికీ పైకీ చూశాడు. "నువ్వు దిట్టంగా ఉండావు. నువ్వు అడ్డం కూచుంటే బంతి యాడికి పోతాది?"

అందరూ నవ్వారు. అందరికన్నా గట్టిగా నవ్వింది షాహీన్...

షాహీన్ నా పక్క బెంచీ పిల్ల. వాళ్ల నాయన బస్టాండు దగ్గర ట్రంకు పెట్టెలు చేసేవాడు. పిల్ల సన్నగా చీపురుపుల్లలా ఉండేది. వట్టి కాళ్లతో ఆ బండల మీద సర్రున జారుతూ పోయి, కాలి వేళ్లు బిగించి టక్కున ఆగి, బంతిని గోల్లోకి తోసేది. సారు "శభాష్ షాహీన్!" అనేవాడు. స్టిక్కుల్లో ఎర్రది ఒక్కటే ఉండేది. అది కూడా దానికే!

సొమ్మొకడిది, సోకొకడిది అంటారే... సరిగ్గా అదే. తాళం తీసేది నేను. బల్లలు మోసేది నేను. మోకాళ్లు దోక్కుపోకుండా మా అమ్మ పాత బొంత చింపి కడితే, ఆ కట్లతోనే కుంటుతూ ఇంటికొచ్చేది నేను. శభాష్‌లు మాత్రం దానికి. చెప్పకేం, నా కడుపు మండిపోయేది. రాత్రి ప్రార్థనలో "ప్రభువా, ఆ ఎర్ర స్టిక్కు నాకు ఇప్పించు" అని రోజూ అడిగేదాన్ని.

ఒకసారి నంద్యాలలో ఒక పెద్ద బడి వాళ్లు మ్యాచీకి రమ్మన్నారు. సారు మా అందరికీ కొత్త కాన్వాస్ షూలు కొనిపెట్టాడు. ఎర్రబస్సులో శిరివెళ్ల మీదుగా పోయాం. అబ్బ, ఏం హాలండీ అది! బల్లలు పేర్చే పనే లేదు, చుట్టూ అసలైన బోర్డులు. ఆ పిల్లలకు ఎవరి స్టిక్కు వాళ్లదే. చూస్తుంటే నా కళ్లల్లో కారం కొట్టినట్టయింది.

ఆట మొదలుపెడదామని రెఫరీ మా వైపు తిరిగి నోరెళ్లబెట్టాడు. మేమందరం వట్టి కాళ్లతో ఉన్నాం! అలవాటు కొద్దీ ఆరుగురం కొత్త షూలు గుమ్మం బయట వరసగా విడిచి వచ్చేశాం. సారు కూడా విడిచాడు.

"షూ ల్యాకుంటే ఆడనియ్యను," అన్నాడు రెఫరీ.

పరుగెత్తిపోయి వేసుకొచ్చాం. అక్కడే మా పని అయిపోయింది. వట్టి కాళ్లతో జారడం, వేళ్లతో ఆగడం తప్ప మాకేం తెలుసు? ఆ షూలు నేలకు అతుక్కుపోయినట్టుండేవి. షాహీన్ జారబోయి తట్టుకుని బోర్లాపడింది. పడుతూ స్టిక్కును తలదాకా ఎత్తేసింది. రెఫరీ విజిల్... రెండు నిమిషాలు బయటికి!

ఇక బంతులన్నీ నా మీదికే. పొట్టతో ఆపాను, భుజంతో ఆపాను, ఒకటి మూతితో ఆపాను. పెదవి పగిలింది. మోకాళ్ల మీద ఉన్నదాన్ని, షూ నన్నేం చేస్తుంది? ఆ రెండు నిమిషాల్లో ఒక్క గోలు కూడా పోనివ్వలేదు. హాలు హాలంతా చప్పట్లు... ఎదుటి జట్టు పిల్లలు కూడా! చివరికి మేమే ఓడిపోయాం, కానీ ఆ చప్పట్లు నావే.

తిరుగు బస్సులో షాహీన్ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. శిరివెళ్ల దాటాక ఎర్ర స్టిక్కు నా ఒళ్లో పడేసింది.

"ఇదో, తీస్కోమే. ఇంగనుంచి గోలీగా నేను కూచుంటా."

చూశారా... ఏ స్టిక్కు కోసం అన్నాళ్లు ప్రభువును పీక్కుతిన్నానో, అదే నా ఒళ్లో ఉంది!

"నాకొద్దు పో. గోలీ నేనే," అని స్టిక్కును దాని ఒళ్లోకే తోసేశాను.

"అంతా నీకేనామే? హాలు నీది, తాళం నీది. నువ్వు తలుపు తీసేదాకా నేను గుమ్మంలో కాచుకోనుండాల. ఇంగ చప్పట్లూ నీకేనా?"

ఇన్నాళ్లూ ఈ పిల్ల నా మీద ఏడుస్తాండాదా! ఆ ముక్క వినగానే నాకెంత సంతోషం వేసిందో చెప్పలేను. షాహీన్ తన పలహారంలో సగం విరిచి నా చేతిలో పెట్టింది. పగిలిన పెదవికి కారం మండుతున్నా తినేశాను.

ఇప్పుడూ కుళ్లుకుంటూనే ఉన్నాను లెండి... పొద్దున లేస్తే ఈ ఫోన్లో ఎవరో ఒకరి కొత్త ఇల్లు, ఎవరో ఒకరి కొత్త కారు. నేను కుళ్లుకుంటున్నానని వాళ్లకు తెలీదు, నా పక్కన కూర్చుని తిరిగి నా మీద కుళ్లుకునేవాళ్లూ లేరు.

మీ చిన్నప్పుడు మీరు ఎవర్ని చూసి ఏడ్చేవాళ్లు? పేరుతో సహా చెప్పండి... వాళ్లు కూడా మిమ్మల్ని చూసి ఏడ్చారేమో, అడిగారా ఎప్పుడైనా?